పదింటికి అని చెప్పాను

ఫిబ్రవరి 5, సోమవారం

చెరుకు ట్రాలీ నాయన ఎడమ కాలి మీదికి ఎక్కింది. తిరుపతిలో ఆస్పత్రిలో ఉన్నాం. లోపల ఆపరేషన్ జరుగుతోంది. ప్రమాదం జరిగింది పదింటికి.

ఫిబ్రవరి 6, మంగళవారం

నిన్న నాలుగు ముక్కలకే చెయ్యి ఆగిపోయింది. ఈరోజు వరసగా రాస్తాను. ఏం జరిగినా రోజూ కొంచెమైనా రాయమనీ, అప్పుడే మాటలు మచ్చికవుతాయనీ మా తెలుగు మేడం చెప్పింది. డిగ్రీలో చేరిన రోజు నుంచి మానలేదు.

ఆదివారం చర్చికని ఊరికి పోయాను. సోమవారం నాయన ఐరాల పక్క, మా ఊరి వెనకే ఒక రైతు చేలో చెరుకు లోడు ఎత్తించుకుని వస్తున్నాడు. గట్టు ఎక్కే చోట ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య కొక్కెం ఊడింది. చక్రానికి రాయి పెడదామని నాయన దిగి వెనక్కి పోయాడు. ట్రాలీ జారింది. మోకాలి కింద నుంచి మడమ దాకా నలిగిపోయింది. ఎముక తెల్లగా కనిపించింది. అమ్మ చీర కొంగు చింపి కట్టింది. మా వీధిలో టమోటాలు తోలే గిరి అన్న తన బొలెరో తెచ్చాడు. వెనక పరుపు వేసి నాయనను పడుకోబెట్టి నేరుగా తిరుపతికి తెచ్చాం. పదికి పడింది, బండి కదలడానికి అరగంట, దారి రెండు గంటలు. పన్నెండున్నరకు చేరాం. దారిలో ఎక్కడా ఆగలేదు.

క్యాజువాలిటీలో డాక్టర్ లోహిత అని చిన్న వయసు డాక్టరమ్మ అన్నీ అడిగింది. అమ్మకు నోరు పెగల్లేదు. నేనే చెప్పాను. పేరు రాజారత్నం, వయసు నలభై ఆరు, షుగరు లేదు, ఎప్పుడు పడింది, ఎట్లా పడింది, రక్తం ఎంత పోయింది. ఆవిడ కేసు షీటులో రాసుకుంటూ తలెత్తి, "ఇంత వరసగా చెప్పేవాళ్లు తక్కువమ్మా. ఏం చదువుతున్నావు?" అంది. బి.ఏ. తెలుగు అన్నాను.

"తెలుస్తోంది," అంది.

ఆ ఒక్క మాట నిన్నటి నుంచి నాలో తిరుగుతోంది. నాయన కాలు అట్లా ఉంటే నాకు ఇది గుర్తుండటం ఏమిటి?

రెండో కాలి నుంచి రక్తనాళం ముక్క తీసి, తెగిన నాళానికి అతికించారట. వాపుకు దారి ఉండాలని పిక్క కోసి తెరిచి పెట్టారు. ఎముక కదలకుండా బయట ఇనుప చట్రం బిగించారు. మత్తు దిగాక నాయన దాన్ని చూసుకుని, "నా కాలికి ఆంటెనా పెట్టినారు పాపా. ఏ చానలొస్తాదో సూడు," అన్నాడు. పక్క మంచం ఆయనకు నవ్వు ఆగలేదు. నవ్వితే కుట్లు లాగుతున్నాయని నాయనను తిట్టాడు.

పాదం వెచ్చగా ఉంది. నాలుగుసార్లు ముట్టుకుని చూశాను.

ఫిబ్రవరి 7, బుధవారం

ఈరోజు నాయనను మళ్లీ థియేటరుకు తీసుకుపోయి పుండు కడిగారు. తర్వాత పెద్ద డాక్టరు మోహన్‌కృష్ణ సార్ మంచం దగ్గరికి వచ్చాడు. తెల్ల కాగితం మీద కాలు బొమ్మ గీసి, ముందు ఉన్నవి రెండే దార్లు అన్నాడు. మొదటిది, మోకాలికి జానెడు కింద ఇప్పుడే తీసెయ్యడం. పుండు మానితే కృత్రిమ కాలు పెడతారు, నాలుగైదు నెలల్లో నడవచ్చు. రెండోది, కాలును నిలబెట్టడానికి చూడటం. ఇంకా నాలుగైదు ఆపరేషన్లు, ఏడాదికి పైగా తిప్పలు. ఇంతా చేసి చివరికి తీసెయ్యాల్సి రావచ్చు. నిలిచినా అది పాత కాలు కాదు. పిక్కలో కొంత కండ రంగు ఆయనకు నచ్చలేదట.

"మామూలుగా అయితే తీసేద్దామనే చెప్పేవాణ్ణి," అన్నాడు. "కానీ మీరు రెండున్నర గంటల్లో తెచ్చారు. అంత తొందరగా వచ్చిన కండ తేరుకుంటుంది. మీరు సరేనంటే ఆ కండ కొయ్యకుండా ఇంకో మూడు రోజులు చూస్తాను."

అమ్మ నా మొహం చూసింది. ఇంట్లో ఏ కాగితం వచ్చినా అమ్మ అట్లాగే చూస్తుంది. నేను ఆ బొమ్మ చూస్తూ ఉన్నాను.

నాయన అన్నాడు: "ఉంచండి సార్. క్లచ్ తొక్కే కాలది."

సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషులో ఉంది. అమ్మకు తెలుగు చేసి చెప్పాను. ఒక చోట 'అవయవ రక్షణ' అనే మాట తట్టింది. మంచి మాట దొరికిందని ఒక క్షణం సంతోషపడ్డాను. అక్కడ, ఆ కాగితం చేతిలో పట్టుకుని.

ఇంకో సంగతి రాయాలి. రేపు రాస్తాను.

ఫిబ్రవరి 8, గురువారం

గిరి అన్న రాగిసంగటి, పచ్చడి తెచ్చాడు. నాయన రెండు ముద్దలు తిన్నాడు. అప్పుడే డాక్టర్ లోహిత కట్టు చూడటానికి వచ్చింది. మీరేనా బండిలో తెచ్చింది అని గిరి అన్నను పలకరించింది. గిరి అన్నకు ఎవరైనా వింటే చాలు, మొదలుపెట్టాడు: "అవును మేడం. పొద్దున్నే ఆరున్నర కాడ నేను బండి కడుగుతా ఉండా..."

"అన్నా, ఈ మందు అర్జెంటుగా కావాలంట, తీసుకురా పో," అని చీటీ చేతిలో పెట్టి పంపేశాను. అది నిన్న తెచ్చేసిన మందు.

తర్వాత మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "యాల కృపా, నోరు తెరస్తానే తరిమేసినావు? ఉండే మందే మళ్లా కొనిపించినావు. ఆయమ్మకి టైము ఏమని సెప్పినావు నువ్వు?"

పదింటికి అని చెప్పానన్నాను. "సదువుకున్నదానివి. ఏదో ఉంటాదిలే," అని బండి తాళాలు ఆడించుకుంటూ పోయాడు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

జ్వరం నూట మూడు. పాదం చల్లగా ఉంది. దుప్పటి జారిపోయి ఉంటుంది, అందుకే. కట్టు విప్పినప్పుడు నర్సు కిటికీ తెరిచింది. ఏం వాసన అని అమ్మ అడిగితే మందుల వాసన అన్నాను.

ఫిబ్రవరి 10, శనివారం

మంచం పక్క సంచిలో మూత్రం డికాక్షన్ రంగులో ఉంది.

పదింటికి కాదు. ఆరున్నరకు.

ఈ నోటుబుక్కు ఎవ్వరూ చదవరు. దీంట్లో కూడా పది అని రాసుకున్నాను, రెండుసార్లు. ఎక్కడా ఆగలేదని రాశాను. ఆగాం. గంట సేపు ఆగాం.

సోమవారం తిరుపతి బస్సు కోసం నేను పొద్దున్నే తయారై ఉన్నాను. మెడలో కాలేజీ ట్యాగు కూడా వేసుకున్నాను. ఆరున్నరకు కేక వినిపించింది. బండి కదిలేసరికి ఏడున్నర. చిత్తూరు ఆస్పత్రికి ముప్పావు గంట. నాయన వద్దన్నాడు. "ఆస్పత్రికి పోతే ఓబయ్యది తీసినట్ట తీసేస్తారు. కట్టు కాడికి పోనీ," అన్నాడు. ఓబయ్య నాయనతో కలిసి ట్రాక్టరు తోలినవాడు, ఇప్పుడు ఊళ్లో ఒంటికాలితో కూర్చుని ఉంటాడు. పుత్తూరు పక్క ఒక పల్లెలో కట్టు కట్టే పెద్దాయన ఉన్నాడు. నాయన చెయ్యి పదేళ్ల కిందట విరిగితే ఆయనే కట్టాడు, ఆ చేత్తోనే నాయన స్టీరింగు తిప్పుతున్నాడు. మా వైపు ఎముక విరిగిందంటే ముందు కట్టు, తర్వాతే ఆస్పత్రి.

చిత్తూరులో ఆస్పత్రికి తిరిగే చోట గిరి అన్న బండి నిదానం చేశాడు. అద్దంలో నన్ను చూశాడు. "నువ్వు సెప్పు కృపా. ఆస్పత్రికా, కట్టుకా?"

ఆ బండిలో చదువుకున్నది నేనొక్కదాన్నే. రక్తం అట్లా కారుతుంటే ఎక్కడికి పోవాలో నాకు తెలుసు.

"నాయన సెప్పినట్టే పో అన్నా," అన్నాను.

అక్కడికి పోయేసరికి పది. ముందు ముప్పై మంది ఉన్నారు. వెదురు బద్దలు కట్టుకున్నవాళ్లు, చెయ్యి మెడకు వేలాడేసుకున్నవాళ్లు. నేను పోయి వరసలో నిలబడ్డాను. అరవలేదు, ముందుకు తోసుకుని పోలేదు. గంట తర్వాత పెద్దాయన తానే బండి దగ్గరికి వచ్చాడు. గుడ్డ విప్పకుండానే కాలి గోరు నొక్కి చూశాడు. "ఇది నా సేతి పని కాదమ్మా. ఎముకిరిగితే నేను కడతా. దీనికి రక్తం ఆడతా లేదు. ముందే ఎవురన్నా పిలిసింటే అప్పుడే పంపించేసి ఉందును. నిలబడొద్దు, తిరుపతికి పోండి," అన్నాడు. పైసా తీసుకోలేదు.

ఇక్కడ క్యాజువాలిటీలో మాకంటే ముందు ఒక కుటుంబం ఉంది. వాళ్ల పిల్లాడి చేతికి ఆకు పసరు కట్టు. ఒక పెద్ద నర్సు వాళ్లను అందరి ముందరా కడిగేస్తోంది. ప్యాంటు చొక్కా వేసుకున్న ఆ తండ్రి తల వంచుకుని నిలబడ్డాడు. "మీలాంటి చదువుకున్నోళ్లు కూడా ఇంతేనా?" అంది. జనమంతా ఆయన వంకే చూశారు. తర్వాత మా వంతు. ఆరున్నర అంటే ఆరు గంటలు ఎక్కడ తిరిగారని అడుగుతారు. నా మెడలో ట్యాగు ఉంది.

అందుకని పది. ఆ ఒక్క అంకె నోట్లోంచి వచ్చాక మిగతాదంతా దానికి సరిపోయేలా నేనే అల్లాను. అరగంట బండికి, రెండు గంటలు దారికి. వ్యాసం రాసినట్టు, ఎక్కడా అతుకు కనపడకుండా. దానికే ఆవిడ నన్ను మెచ్చుకుంది.

ఇప్పుడు పోయి చెబుతాను.

అదే రోజు, సాయంత్రం

చెప్పాను. వరండాలో. నా నోట్లోంచి వరసగా రాలేదు. "ఎన్నింటికి?" అని డాక్టర్ లోహిత రెండుసార్లు అడిగింది. ఆరున్నరకు అని రెండుసార్లు చెప్పాను. ఆవిడ తిట్టలేదు. ఇప్పుడా చెప్పేది అని కూడా అనలేదు. పరుగులాంటి నడకతో లోపలికి పోయింది. తిట్టు తప్పించుకోవాలని చెప్పిన అబద్ధం. ఇప్పుడు తిట్టు కోసం అక్కడే నిలబడ్డాను. ఎవరూ రాలేదు.

మూడు గంటలకు నాయనను తీసుకుపోయారు.

ఫిబ్రవరి 11, ఆదివారం

మోకాలి పైన.

ప్రాణానికి భయం లేదన్నారు. పాడైన కండ విషం మూత్రపిండాలకు ఎక్కుతోందట, ఇంకో రోజు ఆగి ఉంటే కష్టమయ్యేదట. మోహన్‌కృష్ణ సార్‌ను బయట ఆపి అడిగాను, బుధవారమే తెలిసి ఉంటే ఏం చేసేవారని.

"బుధవారమే మోకాలి కింద తీసేవాణ్ణి," అన్నాడు. "మోకాలు దక్కేదనే అనుకుంటాను. కచ్చితంగా చెప్పలేను."

కచ్చితంగా చెప్పలేను అన్నాడు. కచ్చితంగా చెప్పలేను అన్నాడు కదా. రోజంతా ఆ చివరి మాట పట్టుకుని కూర్చున్నాను. దాని ముందర మాట రాయడానికి ఇంతసేపు పట్టింది.

ఫిబ్రవరి 12, సోమవారం

నాయన దుప్పటి ఎత్తి చూసుకున్నాడు. మళ్లీ కప్పుకున్నాడు.

ఫిబ్రవరి 14, బుధవారం

వ్యాయామాలు చేయించే రవిచంద్ర సార్ వచ్చాడు. మంచివాడు, మాటకారి. మళ్లీ ట్రాక్టరు తోలవచ్చునా అని అమ్మ అడిగింది. మోకాలు మిగిలినవాళ్లయితే కృత్రిమ కాలితో క్లచ్ తొక్కడం నేర్చుకుంటారనీ, మోకాలు లేకపోతే బాగా కష్టమనీ, బండినే మార్పించుకోవాలనీ ఓపికగా చెప్పాడు. చేతులతో చేసే పనులు చాలా ఉన్నాయి అని కూడా చెప్పాడు.

"ప్రాణం దక్కింది, అంతే సాలు. దేవునికి స్తోత్రం," అంది అమ్మ.

నేను సీసా తీసుకుని నీళ్లకు పోయాను. సీసా నిండుగానే ఉంది.

ఫిబ్రవరి 16, శుక్రవారం

అమ్మ బట్టలు ఉతకడానికి కిందికి పోయినప్పుడు నాయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు. తల కింద దిండు సరిచేశాను. ఆయన చెప్పింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఆ దినం డాక్టరమ్మకి పదింటికి అని సెప్పినావే, నాకు ఇనబడింది. కండ్లు మూసుకోనుండా గానీ తెలివి ఉండాది నాకు."

దిండు మళ్లీ సరిచేశాను.

"ఆరున్నర అని సెప్పింటే ఆపొద్దే కాలు తీసేసుందురు. పాప నా కాలు కోసరం బొంకినాది అని తెలిసి, నేనూ నోరు మూసుకున్నా. కట్టు కాడికి పొమ్మన్నోణ్ణి నేను. నీ మింద ఏం తప్పు లేదు." నా చెయ్యి పట్టుకున్నాడు. "పోతే పోయినాది. ఐదు దినాలన్నా నా కాలు నా దగ్గర ఉండె, నీవల్ల. మీ అమ్మకి కూడా సెప్పినా."

ఐదు రోజులు. మంచి రోజుల్లాగా చెప్పాడు.

నాయన కూడా దాచాడు కదా అని ఇక్కడ ఒక వాక్యం రాశాను. రాసి కొట్టేశాను. కొట్టేసినా కింద కనిపిస్తూనే ఉంది.

ఫిబ్రవరి 17, శనివారం

చెప్పలేదు.

ఫిబ్రవరి 18, ఆదివారం

పక్క మంచం ఆయన భార్యతో అమ్మ చెబుతోంది: "మా పాపకి ఎంత తెలివనుకున్నావు? వాళ్ల నాయన కాలు నిలబెట్టాలని ఎట్ల సెప్పినాదో సూడు. పెద్ద డాక్టరే నమ్మినాడు." ఆమె నా వంక మెచ్చుకోలుగా చూసింది. నేను కమలాపండు వలుస్తున్నాను. వలిచి, ఒక్కో తొన మీద నారలు తీసి, ఆమెకు కూడా రెండు తొనలు ఇచ్చాను.

చెప్పలేదు.

ఫిబ్రవరి 19, సోమవారం

ఇవాళ చెప్పాను. ఎట్లా మొదలుపెట్టాలో ముందుగా కాగితం మీద రాసుకున్నాను. నాలుగు రకాలుగా రాశాను. నాలుగూ బాగున్నాయి. బాగున్నందుకే చింపేశాను.

"నీ కోసరం కాదు నాయనా," అన్నాను. "కట్టు కాడికి పోయినామంటే అందరి ముందర తిడతారని పదింటికి అని సెప్పినా. అప్పుడు నాకు నీ కాలు గుర్తే రాలా."

నాయన చాలాసేపు ఫ్యాను వంక చూశాడు. కోప్పడతాడనుకున్నాను. ఏడుస్తాడేమో అనుకున్నాను. రెండూ కాలేదు.

"ఈ మాట నాకు సెప్పకుండా ఉండింటే బాగుండు పాపా," అన్నాడు.

తర్వాత అటు తిరిగి పడుకోవాలని చూశాడు. ఒంటికాలితో తిరగడం ఇంకా రాలేదు. నేను పట్టుకోబోతే, "ఉండు," అని అమ్మను పిలిచాడు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నానని పొద్దుటి దాకా అనుకున్నాను. వరండాలో కూర్చుని ఆలోచిస్తే, చెప్పేశాక నాకు ఆకలి వేసింది. రెండు వారాల తర్వాత మొదటిసారి. క్యాంటీనుకు పోయి మూడు ఇడ్లీలు తిన్నాను. ఆయన దగ్గర మిగిలింది ఆ ఒక్క నమ్మకమే. దాన్ని తీసుకుని నేను కడుపు నింపుకున్నాను.

ఫిబ్రవరి 20, మంగళవారం

నాయన మాట్లాడటం లేదు. మందులు ఇస్తే తీసుకుంటున్నాడు. గిరి అన్న వచ్చి పంచాయితీ కబుర్లు చెబితే ఊ కొట్టాడు. పోతూ పోతూ గిరి అన్న, "మీ నాయనకి ఏమైనాది? ఆంటెనా తీసేసినాక చానలే రాకుండా పోయినాదే," అన్నాడు. నవ్వించాలని అన్నాడు. నేనే చెప్పుకున్నాను అతనికి, మొత్తం. విని, "నేనూ అద్దంలో నిన్ను అడక్కుండా ఆస్పత్రికే తిప్పేసుండాల్సింది," అన్నాడు. అందరికీ తలా కొంచెం తప్పు ఉన్నట్టుంది. పంచుకుంటే నాది తగ్గలేదు.

ఫిబ్రవరి 21, బుధవారం

ఈరోజు నాయనను నిలబెట్టారు.

రవిచంద్ర సార్ వాకర్ తెచ్చి మంచం పక్కన పెట్టాడు. నాయన అమ్మను పిలిచాడు. అమ్మ కుడి పక్కన నిలబడింది. కాలు లేని పక్కే తూలుతారనీ, ఎడమ పక్క కూడా ఒకరు ఉండాలనీ సార్ నన్ను రమ్మన్నాడు. నాయన నన్ను చూడలేదు, వద్దనలేదు. పోయి నిలబడ్డాను.

లేచాడు. ముందు మొహం పాలిపోయింది. చెమటలు పట్టాయి. ఇంత పొడుగు మనిషి అని ఈ పదహారు రోజుల్లో మరిచిపోయాను. వాకర్ రెండు చేతులా పట్టుకుని ఒక గెంతు. ఆగాడు. ఇంకొక గెంతు. నా చెయ్యి ఆయన నడుముకు బెత్తెడు దూరంలో ఉంది, ముట్టుకోలేదు. పక్క మంచం ఆయన అటుపక్క నుంచి, "అబ్బా, రేపు నా మందులు నువ్వే తేవల్లప్పా రాజారత్నం," అన్నాడు. నాయన మూతి కొంచెం కదిలింది.

మూడో గెంతుకు ఎడమ పక్కకు ఒరిగాడు. చెయ్యి వాకర్ వదిలేసి నా భుజం మీద పడింది. ఎముక నొప్పెట్టేంత బరువు. అమ్మ పట్టుకోబోయింది. "ఉండనీ," అన్నాడు నాయన, అమ్మతో.

కిటికీ దాకా పోయి మళ్లీ మంచం దగ్గరికి వచ్చాం. అంత దూరమూ ఆ చెయ్యి తియ్యలేదు. కూర్చున్నాక తీశాడు.

రేపు పొద్దున మళ్లీ నడిపించాలట. తొమ్మిదికి.